అర్థములేని మాట, దాని యక్కఱ

అర్థములేని మాట వ్యర్థమని లోకవాడుక. పూర్వగ్రంథములు చూచిన నట్లు తోపదు. వాత్స్యాయనుడు 64 కళలలో మ్లేచ్ఛితవికల్పమను రహస్యభాషను చేర్చెను. భారతము ఆదిపర్వమున, పాండవులు వారణావతమునకు పయనమగునపుడు, విదురుడు ధర్మజునితో పరులకు దెలియని మాటలాడెను. చెంతనున్న కుంతికిని అవి బోధపడక, పిమ్మట కొడుకు నడిగి తెలిసికొనెను. అగ్నిభయము కలదనియు, బిలము త్రవ్వి బ్రతుకవలెననియు వాని భావము. లక్కయింటినుండి ఆరుగురును ప్రాణములతో వెడలుటకు ఆ మాటలే మూలము.

నెల్లూరి తిక్కన తెనిగించిన విరాటపర్వపు కథలో పాండవులు తమలో జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అను గూఢనామములు పెట్టుకొనిరి. ఉపకీచకులు శ్మశానమునకు గొనిపోవు వేళ ద్రౌపది ఆ పేర్లనే పిలిచి మొఱయిడెను. ఊరివారికవి వట్టి పేర్లు. భీముడు మాత్రము విని పరుగెత్తెను. ఆమె ప్రాణము దక్కెను, అజ్ఞాతవాసమును చెడలేదు.

పిల్లల 'క' భాషయు ఈ కోవలోనిదే. ప్రతి యక్షరమునకు ముందు కకారము చేర్చి, 'నువ్వు రా' అనుటకు 'కనుకవ్వు కరా' అందురు. పెద్దలు గోలయని కసరుదురు. పిల్లలు దానితోనే తమ రహస్యమును కాచుకొందురు. 1957లో విడుదలయిన 'మాయాబజార్' చిత్రమునకు పింగళి నాగేంద్రరావు కల్పించిన 'అసమదీయులు', 'తసమదీయులు' అను మాటలు నిఘంటువు నడుగకయే జనుల నోళ్ళ నిలిచినవి.

భారతము గ్రంథాలయమున భద్రముగా నుండును. 'క' భాషకు బీరువా లేదు. ఒక తరము పిల్లలు మానిన అంతటితో సరి. బుచ్చిరెడ్డిపాలెమున అది తెలిసిన పెద్దలు మనుమలకు నేర్పుట మేలు.