వరి వెన్ను: హొమారె సావా క్రీడాజీవితం

జపాను భాషలో ధాన్యపు వెన్నును ‘హొ’ అంటారు. టోక్యో మహానగరానికి పడమట ఫుచూ అనే పట్టణం ఉన్నది. 1978 సెప్టెంబరు 6వ తేదీన అక్కడ జన్మించిన ఒక ఆడశిశువుకు హొమారె అని నామకరణం చేశారు. ఇంటిపేరు సావా. హొమారె అనే పేరును రెండు చిత్రాక్షరాలతో వ్రాస్తారు. మొదటి అక్షరానికి వెన్ను అని, రెండవదానికి ఆశ అని అర్థం. వరి పొట్టకు వచ్చి, ఈని, వెన్ను బరువెక్కి వంగేదాకా రైతు వేచియుండవలసినదే గదా. ఈ బాలిక జీవితంలోను నాటుకు, కోతకు నడుమ చాలా కాలం గడిచినది. పదునైదేండ్ల వయస్సులో జాతీయ ఫుట్‌బాలు జట్టులో మొదటిసారి ఆడిన హొమారె సావా, ప్రపంచ కప్పును చేత పట్టుకొనేనాటికి ముప్పదిరెండేండ్ల ప్రాయానికి వచ్చినది.

ఆ గెలుపు 2011లో లభించినది. నాడు లోకమంతా దానిని అద్భుతమని కొనియాడినది. ఆ మాటలో మెచ్చుకోలు ఉన్నమాట నిజమే. కాని అద్భుతానికి పూర్వచరిత్ర ఉండదు. అది ఆకాశం నుండి ఊడిపడుతుంది. సావా గెలుపునకు ముప్పదియేండ్ల పూర్వచరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మనం ముఖ్యంగా తెలుసుకోదగినవి, జపాను స్త్రీలకు బంతి ఆడుకొనడానికి చోటు కరవైన సంవత్సరాలు.

జపానులో మహిళల ఫుట్‌బాలుకు ఒక సమాఖ్య ఏర్పడినది 1979లో. మరుసటి యేడు తొలి జాతీయ పోటీలు జరిగినవి. ఆ పోటీలలో జట్టుకు పదకొండుగురికి బదులు ఎనిమిదిమంది మాత్రమే ఆడారు. బంతి కూడా చిన్నది. ఆడవారు అంతకన్న ఆడలేరని నాటి పెద్దల అభిప్రాయం కాబోలు! 1981లో జాతీయ జట్టు మొదటిసారిగా ఆసియా పోటీలకు హాంకాంగు వెళ్లినది. 1989లో ఆరు జట్లతో మహిళల లీగు ప్రారంభమైనది. వాటిలో పెక్కింటికి పెద్ద వ్యాపార సంస్థలే పోషకులు. జపాను ధనం పొంగిపొరలుతున్న దినాలవి. కంపెనీ పేరు మైదానంలో వినబడడం ఆ సంస్థలకు గౌరవంగా తోచినది.

సావా తన అన్నగారిని చూసి బంతి ఆడటం నేర్చినది. 1991లో, పన్నెండవ యేట, యొమియూరి బెలేజా అనే ప్రసిద్ధమైన జట్టులో చేరి, ఆ యేడే పెద్దవారితో సమానంగా లీగు పోటీలలో పాల్గొన్నది. 1993 డిసెంబరు 6వ తేదీన ఫిలిప్పీన్సుతో జరిగిన పోటీలో జాతీయ జట్టు తరఫున తొలిసారి ఆడి, ఒక్క ఆటలోనే నాలుగు గోలులు చేసినది. 1995లో స్వీడనులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలోను, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలోను ఆమె ఉన్నది. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల ఫుట్‌బాలుకు చోటు దక్కడం అదే మొదలు. జపాను అక్కడ ఆడిన మూడు ఆటలలోను ఓడిపోయినది.

ఇంతలో దేశపు ఆర్థికస్థితి తలక్రిందులైనది. భూముల ధరలు, వాటాల ధరలు కుప్పకూలిన తరువాత కంపెనీలు ఖర్చు తగ్గించుకొన సాగినవి. కలిమి నాటి అలంకారాలు లేమి నాడు భారమౌతాయి. ఫుజిటా సంస్థ తన జట్టును రద్దు చేసినది. 1996 మొదలు మూడేండ్లు వరుసగా లీగు విజేతగా నిలిచిన నిక్కో సెక్యూరిటీసు జట్టును సైతం దాని యజమానులు 1998తో చాలించారు. గెలిచిన జట్టుకే నిలువ నీడ లేనప్పుడు ఓడినవాటి గతి చెప్పనేల? 1999 ప్రపంచ కప్పులో జపాను ఒక్క ఆటైనా గెలువలేదు. అందువల్ల 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలకు అర్హత కూడా పోయినది. ఆటను మానుకొని ఉద్యోగాలు చూచుకొన్న యువతులు ఎందరో!

ఇరువదియేండ్ల సావా అప్పుడు అమెరికా దారి పట్టినది. 2001లో అక్కడ స్త్రీల కొరకు వృత్తి ఫుట్‌బాలు లీగు పోటీలు మొదలు కాగా, ఆమె అట్లాంటా బీట్ జట్టులో చేరినది. ఒడ్డూ పొడుగూ గల అమెరికా యువతుల మధ్య దేహబలంతో నెగ్గలేనని ఆమెకు త్వరలోనే తెలిసినది. బంతి తన వద్దకు రాకముందే అది ఎటు పోవలెనో నిశ్చయించుకొనే అలవాటు ఆమెకు అక్కడ బలపడినది. అట్లాంటా జట్టు రెండుసార్లు అంతిమ పోటీ దాకా వెళ్లినది. కాని ఆ లీగు కూడా నష్టాలను ఓర్వలేక 2003 సెప్టెంబరులో, ఆ సంవత్సరపు ప్రపంచ కప్పునకు కొద్ది దినాల ముందు, మూతపడినది. స్వదేశంలో ఒక ఇల్లు కూలగా చూచినది. పరదేశంలో రెండవ ఇల్లు కూలగా చూచినది. ఇరువదియైదేండ్ల వయస్సులో ఆమె తిరిగి టోక్యోకు, తన పాత జట్టుకు వచ్చి చేరినది.

జపాను మహిళల ఫుట్‌బాలు చరిత్రలో 2004 ఏప్రిల్ 24వ తేదీ ఒక మలుపు. ఏథెన్సు ఒలింపిక్ క్రీడలకు అర్హత కొరకు టోక్యో జాతీయ క్రీడామైదానంలో ఉత్తర కొరియాతో పోటీ. పదేండ్లకు పైగా జపాను ఆ జట్టును ఓడించి యెరుగదు. ఈ పోటీలో ఓడితే మిగిలిన కొద్దిపాటి ఆదరణ కూడా ఆరిపోతుందని ఆటగత్తెలందరికీ తెలుసు. సావా మోకాలిలోని మృదులాస్థి దెబ్బతిన్నది. నొప్పి తెలియకుండా సూదిమందు వేయించుకొని ఆమె బరిలో దిగినది. 30,000 మందికి పైగా ప్రేక్షకులు చూస్తుండగా జపాను 3-0 తేడాతో గెలిచినది. ఆ వేసవిలోనే ప్రజల సూచనల నుండి జట్టుకు ‘నాదెషికో జపాన్’ అనే పేరు ఎంపిక చేశారు. నాదెషికో అనేది సుకుమారమైన ఒక గులాబిరంగు పువ్వు. అణకువ గల ఆదర్శ జపాను వనితను ఆ పువ్వుతో పోల్చడం వారి సంప్రదాయం. ఆ పేరునే బురదలో పొరలి బంతికై పెనుగులాడే యువతులకు పెట్టుకొన్నారంటే, ఆదర్శం అర్థమే మారినదన్నమాట.

ఫుట్‌బాలులో మధ్యరంగపు ఆటగత్తె పని విచిత్రమైనది. గోలు చేసినవారికి చప్పట్లు, గోలును కాచినవారికి ప్రశంసలు దక్కుతాయి. ఆ రెండింటి నడుమ పరుగులు తీస్తూ, ఇటు ఎదిరి దాడిని ఆపి, అటు తనవారికి బంతి అందించే మనిషి అంతగా కంటబడదు. మొదట గోలుకు చేరువలో ఆడుతూ వచ్చిన సావాను, 2008 నాటికి ముఖ్య శిక్షకుడైన నొరియో ససాకి మరికొంత వెనుకకు జరిపి, రక్షణకు ముందుండే స్థానంలో నిలిపినాడు. ముప్పదియేండ్లకు చేరువైన క్రీడాకారిణికి ఇది ఒక విధంగా రెండవ పుట్టుక.

ఆ సంవత్సరం బీజింగు ఒలింపిక్ క్రీడలలో కంచు పతకం కొరకు జర్మనీతో ఆడవలసి వచ్చినది. ఆటకు ముందు సావా తన కంటె చిన్నవారితో, కష్టం తోచినప్పుడు నా వెన్ను చూడండి అన్నది. ఆ మాట తరువాత జపానులో ప్రసిద్ధికెక్కినది. మన భాషలో వెన్ను చూపడం పిరికివాని లక్షణం. ఇక్కడ భావం వేరు. ముందు పరుగెత్తేవారి వెన్ను వెనుక వచ్చేవారికి కనబడుతూ ఉండవలెనని ఆమె ఉద్దేశం. ఆ దినం జపాను ఓడి నాల్గవ స్థానంతో తిరిగివచ్చినది. మాట మాత్రం ఓడలేదు.

2011 మార్చి 11వ తేదీన ఈశాన్య జపాను సముద్రతీరాన 9.0 తీవ్రత గల భూకంపం, దాని వెంట సునామీ సంభవించినవి. మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి ఇంచుమించు ఇరువదివేల మంది. ఫుకుషిమాలోని అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది. ఆ కేంద్రాన్ని నడిపే టోక్యో విద్యుత్ సంస్థకు మరీజ్ అనే మహిళా ఫుట్‌బాలు జట్టు ఉండేది. ఉద్యోగం చేసుకొంటూ ఆడే యువతుల జట్టు అది. ప్రమాదంతో ఆ జట్టు అంతరించినది. అచ్చట ఒకప్పుడు ఉద్యోగం చేసి, ఆ జట్టులో ఆడిన కరీనా మరుయామా జాతీయ జట్టు సభ్యురాలు.

ఇట్టి వేళ, నాలుగు నెలలైనా నిండకముందే, సావా నాయకత్వాన జట్టు ప్రపంచ కప్పునకు జర్మనీ వెళ్లినది. మెక్సికోపై సావా ఒక్కతే మూడు గోలులు చేసినది. క్వార్టర్ ఫైనలులో ఎదురైనది ఆతిథేయ దేశమైన జర్మనీ. అంతకుముందు వరుసగా రెండు ప్రపంచ కప్పులు గెలిచిన జట్టు. ఆటకు ముందు ససాకి తన జట్టుకు సునామీ నాశనం చేసిన ఊళ్ల చిత్రాలు చూపినాడు. అదనపు సమయంలో సావా ఎత్తి వేసిన బంతిని మరుయామా అందుకొని గోలు చేసినది. జపాను 1-0తో గెలిచినది. సెమీఫైనలులో స్వీడను తొలి గోలుకు సావా తప్పుగా ఇచ్చిన బంతియే కారణం. ఆ తరువాత ఆమెయే ఒక గోలు చేసి జట్టును ముందుకు తెచ్చినది. ఆట 3-1తో ముగిసినది.

అంతిమ పోటీ జూలై 17న ఫ్రాంక్‌ఫర్టులో అమెరికాతో జరిగినది. అప్పటికి జపాను, అమెరికా ఇరువదియైదుసార్లు తలపడగా జపాను ఒక్కసారి కూడా గెలువలేదు. అమెరికా ముందు ఒక గోలు చేసినది. అయా మియామా సమం చేసినది. అదనపు సమయంలో అమెరికా మరల ముందంజ వేసినది. 117వ నిమిషం. మూడే నిమిషాలు మిగిలియున్నవి. మియామా కార్నరు నుండి బంతిని తక్కువ ఎత్తులో పంపినది. దగ్గరి స్తంభం వైపు దూసుకువచ్చిన సావా, గోలుకు ఇంచుమించు వెన్ను త్రిప్పియే, కుడిపాదపు వెలుపలి అంచుతో బంతిని తాకి వలలోకి మళ్లించినది. 2-2. పెనాల్టీ కిక్కులలో గోల్‌కీపరు అయుమి కైహొరి రెండింటిని ఆపినది. ఇరువదియేండ్ల సాకి కుమగాయి కడపటి కిక్కును గోలుగా మలచినది. జపానులో అప్పటికే మరునాటి ఉదయం. రాత్రంతా మేలుకొన్న దేశం ఆ వార్తతో కన్నీరు తుడుచుకొన్నది. మొత్తం ఐదు గోలులు చేసిన సావాకు అత్యధిక గోలుల బహుమతి, ఉత్తమ క్రీడాకారిణి బహుమతి రెండును దక్కినవి. 2012 జనవరిలో జూరిచ్ నగరంలో ఆమె కిమోనో ధరించి ప్రపంచంలో ఆ యేటి మేటి క్రీడాకారిణి పురస్కారం అందుకొన్నది. అంతకుముందు ఐదేండ్లు వరుసగా దానిని బ్రెజిలు దేశపు మార్తా గెలుచుకొన్నది. ఆసియా ఖండపు వనితకు అది దక్కడం అదే ప్రథమం.

కీర్తి వచ్చినంత వేగంగా సమానత్వం రాదు. 2012లో లండను ఒలింపిక్ క్రీడలకు పోతూ జపాను పురుషుల జట్టు, మహిళల జట్టు ఒకే విమానం ఎక్కినవి. ఇరువదిమూడేండ్ల లోపు వయస్సు గల యువకులకు ఎక్కువ తరగతి ఆసనాలు. ప్రపంచ విజేతలైన వనితలకు అంతకు తక్కువ తరగతి. వయస్సును బట్టి చూచినా ఇది తారుమారుగా ఉండవలసినదని సావా సౌమ్యంగానే అన్నది. అంతిమ పోటీలో అమెరికా చేతిలో 2-1తో ఓడి, వెండి పతకంతో తిరిగివచ్చేటప్పుడు వారికి ఎక్కువ తరగతి లభించినది. ఆ గౌరవం పొందడానికి వారు పతకం చూపవలసి వచ్చినది.

2015లో కెనడాలో సావా ఆరవ ప్రపంచ కప్పు ఆడినది. అక్కడ జపాను రెండవ స్థానం పొందినది. జాతీయ జట్టు తరఫున 205 ఆటలు, 83 గోలులు ఆమె లెక్క. ఆ సంవత్సరం డిసెంబరు 27వ తేదీన మహారాణి కప్పు అంతిమ పోటీ ఆమెకు చివరి ఆట. కోబె నగరపు జట్టు 1-0తో గెలిచినది. ఆ ఒక్క గోలు చేసినది సావాయే. కొద్ది నెలలకే, 2016 మార్చిలో, జపాను రియో ఒలింపిక్ క్రీడలకు అర్హత కోల్పోయినది. ఒక తరం తప్పుకొంటే ఏర్పడే ఖాళీ ఎంతటిదో అందరికీ తెలిసివచ్చినది. అయితే ఈసారి ఇల్లు కూలలేదు. 2021లో జపాను మహిళలకు మొదటి వృత్తి లీగు ఏర్పడినది.

2023 ప్రపంచ కప్పులో అత్యధిక గోలుల బహుమతి మరల ఒక జపాను మధ్యరంగపు క్రీడాకారిణికి లభించినది. ఆమె హినాతా మియజావా. గోలుల సంఖ్య సావాకు వలెనే ఐదు. మియజావా తొలుత ఆడినది సావా పెరిగిన బెలేజా జట్టులో. ఆ పోటీల నాటికి ఆమె ఆడుతున్నది సెందాయి నగరపు జట్టు తరఫున. సునామీ తాకిన సీమలోని నగరం అది. ఫుకుషిమాలో చెదరిపోయిన మరీజ్ క్రీడాకారిణులను చేర్చుకొని 2012లో మొలకెత్తిన జట్టు అది.

ఒక వెన్ను నుండి రాలిన గింజ ఏ మడిలో మొలకెత్తుతుందో ఎవరు చెప్పగలరు? మన భాషలో వెన్ను అంటే ధాన్యపు కంకి. వెన్ను అంటే వీపు కూడాను. హొమారె సావా విషయంలో రెండర్థాలూ సార్థకమైనవి.