ఊరు మారిన ఆలయాలు: అలంపురం చేరిన కూడవెల్లి సంగమేశ్వరుడు

నదికి ఆనకట్ట కట్టినప్పుడు పంట పొలాలతోపాటు, తరతరాలుగా ఊరికి గుర్తుగా నిలిచిన కట్టడాలు కూడా మునుగుతాయి. మనుషులకు పునరావాసం చూపినట్లే కట్టడాలకూ కొత్త చోటు వెదకవలసి వస్తుంది. ఈ పని ఎంత కష్టమైనదో, అందులో దక్కేదేమిటో, పోయేదేమిటో తెలుసుకోవడానికి తుంగభద్ర ఒడ్డునున్న అలంపురం చక్కని ఉదాహరణ.

అలంపురం నేడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో భాగాలు. అందుచేత ఇక్కడి పాత కుటుంబాలకు తెలుగు, కన్నడం రెండూ సుపరిచితాలే. ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. శ్రీశైల క్షేత్రానికి అలంపురాన్ని పశ్చిమ ద్వారంగా భావించడం సంప్రదాయం.

ముంపు ఎలా వచ్చింది?

కృష్ణా నదిపై శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే కృష్ణ, తుంగభద్ర కలిసే చోటు వరకు వెనుక జలాలు విస్తరిస్తాయి. నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు ముంపునకు గురి అయ్యాయి. నదీతీరాలలోని ప్రాచీన ఆలయాలు కూడా ఆ ముంపు పరిధిలోకి వచ్చాయి.

వాటిలో ప్రసిద్ధమైనది కూడవెల్లి సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద ఎత్తైన అధిష్ఠానంపై, చుట్టూ ప్రాకారంతో చాళుక్యులు దీనిని నిర్మించారు. రెండు నదులు కూడే చోటు గనుక ఊరి పేరు కూడవెల్లి, దేవుని పేరు సంగమేశ్వరుడు. అలంపురానికి సమీపంలోని పాపనాశి ఆలయాల సముదాయం రెండవది. క్రీస్తు శకం 9వ శతాబ్ది నుండి 11వ శతాబ్ది వరకు కట్టిన ఈ గుళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి. వీటిపై శిఖరాలు మెట్లు మెట్లుగా పైకి పోతాయి.

కొత్త స్థలం ఎంపిక

రాతి గుడిని తరలించడానికి స్థలం ఎంచేటప్పుడు ముఖ్యంగా ఐదు విషయాలు చూడాలి. మొదటిది, జలాశయం నిండినా నీరందని ఎత్తు. రెండవది, రాళ్ల బరువును మోయగల గట్టి నేల. మూడవది, గుడి ముఖం పాత దిక్కునే నిలపగల వీలు. నాలుగవది, దారి, కాపలా, నిర్వహణ. ఐదవది, ఆ గుడికి వచ్చే మనుషులు. దీపం పెట్టేవారు లేని చోట గుడిని నిలిపితే రాళ్లు దక్కుతాయే గాని గుడి దక్కదు.

ఈ ఐదింటికీ అలంపురం సరిపోయింది. అదే తుంగభద్రా తీరం, అదే కాలపు ఆలయాలు, ఏడాది పొడవునా వచ్చే యాత్రికులు ఇక్కడ ఉన్నారు. కనుక సంగమేశ్వరాలయాన్నీ, పాపనాశి గుళ్లనూ అలంపురంలో తిరిగి నిర్మించారు.

తరలింపు పద్ధతి

ముందుగా కట్టడాన్ని అన్ని వైపుల నుండి కొలిచి, పటాలు గీసి, ఛాయాచిత్రాలు తీస్తారు. ప్రతి రాతికీ వరుసను, స్థానాన్ని తెలిపే అంకె వేస్తారు. శిఖరం నుండి మొదలుపెట్టి కిందికి ఒక్కొక్క వరుసే విప్పుతారు. కొత్త చోట పునాది వేసి, అంకెల ప్రకారం అడుగు వరుస నుండి పైకి పేరుస్తారు. అంకె చెరిగినా, ఒక్క రాయి తారుమారైనా పై వరుసలు కుదరవు. అందుచేత ఈ పనిలో కాగితానికి ఉలితో సమానమైన విలువ ఉన్నది.

ఇంతకు ముందు నాగార్జునసాగర్ కింద మునిగిన నాగార్జునకొండ లోయలోనూ ఇటువంటి పని జరిగింది. 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద పునర్నిర్మించారు. ఆ కొండ నేడు నీటి నడుమ ద్వీపం. పడవపై వెళ్లి చూడవలసిన ప్రదర్శనశాలగా అది మిగిలింది.

దక్కినది, దక్కనిది

కూడవెల్లి గుడి రాళ్లు దక్కాయి, శిల్పాలు దక్కాయి, పూజ దక్కింది. దక్కనిది సంగమం. సంగమేశ్వరుడు నేడు రెండు నదులు కలవని చోట ఉన్నాడు. ఆ గుడి చుట్టూ బ్రతికిన కుటుంబాలు కూడా ఒక్కచోటికి చేరలేదు. పరిహారం సొమ్ముతో తలా ఒక దిక్కుకు వెళ్లాయి. రాళ్లకు అంకెలు వేసినట్లు ఆ ఇళ్లకు ఎవరూ వరుస వేయలేదు.

ఇదే ముంపులో మరో దారి కూడా కనబడుతుంది. నేటి నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం వద్ద ఉన్న రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు సమీపాన జగన్నాథ గట్టుకు తరలించారు. అక్కడి సప్తనదీ సంగమేశ్వరాలయం మాత్రం కదలలేదు. అందులోని వేప చెక్క లింగం ఏటా నెలల తరబడి నీటిలోనే ఉంటుంది. వేసవిలో నీరు తగ్గి గుడి బయటపడగానే జనం వచ్చి పూజలు చేస్తారు.

1964 నాటి వెనిస్ ప్రకటనలోని ఏడవ అధికరణం కూడా ఈ మాటనే చెబుతున్నది: కట్టడాన్ని దాని పరిసరాల నుండి విడదీయరాదు, దాని రక్షణకు అవసరమైనప్పుడో, అత్యంత ముఖ్యమైన జాతీయ లేదా అంతర్జాతీయ ప్రయోజనం ఉన్నప్పుడో తప్ప తరలించరాదు.

పల్లెలకు పనికివచ్చే పాఠం

ఆనకట్టలే కాదు, రోడ్డు వెడల్పు పనులు కూడా సరిహద్దు గ్రామాలలోని వీరగల్లులను, శాసనాలను, పాత చావడులను కదిలిస్తుంటాయి. శాసనం కన్నడమైనా, తెలుగైనా, అది ఊరి దస్తావేజు. కదిలించక ముందే నాలుగు వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయించాలి. ఏ దిక్కుకు చూస్తున్నదో, ఏ హద్దు వద్ద ఉన్నదో వ్రాసి ఉంచాలి. ఆ వివరాలతో పంచాయతీ తీర్మానం చేసి పురావస్తు శాఖకు పంపాలి. రక్షిత కట్టడమైతే శాఖ అనుమతి లేకుండా తాకరాదు. కొత్త చోటు వీలైనంతవరకు అదే ఊరి పొలిమేరలో, జనం నడిచే దారి పక్కన ఉండాలి. పాత చోట ఒక గుర్తు రాయి నిలిపితే, అసలు స్థానమేదో రాబోయే తరానికి తెలుస్తుంది.