ప్రింటరునకు దుబాసీ

చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును దేశీయ వర్తకులకును నడుమ నిలిచి బేరములు నడపిన దుబాసీల వృత్తి ఏనాడో అంతరించినను, ఇంటి కంప్యూటరునకును దాని ప్రక్కనుండు ప్రింటరునకును నడుమ ‘డ్రైవరు’ అను సాఫ్ట్‌వేరు నేటికిని నెఱపుచున్నది ఆ దుబాసీతనమే.

1981లో ఐబీఎమ్ పీసీ వెలువడిన పిమ్మట, డాస్ కాలమున, ఈ దుబాసీని సమకూర్చుకొను భారము ఆపరేటింగ్ సిస్టముది గాక ఒక్కొక్క ప్రోగ్రాముది యగుటచే, వర్డ్‌స్టారునకు వేఱుగను లోటస్ 1-2-3కు వేఱుగను ప్రింటరు పేరు చెప్పుకొనవలసి యుండెను. ఎప్సను యంత్రమునకు దాని యాజ్ఞలు దానివి. 1984లో వచ్చిన లేజర్‌జెట్ భాష పీసీఎల్. ఒకదాని భాష వేఱొకదాని కంపినచో కాగితము నిండ అర్థములేని గుర్తులు పడెడివి. డాట్ మ్యాట్రిక్సు ప్రింటర్లు సాధారణముగ రోమను అక్షరములనే తమలో నిలుపుకొన్నవి గనుక తెలుగును చుక్కల బొమ్మగా పంపవలసి వచ్చెడిది.

విండోస్ ఈ చిక్కును సడలించి, ఒక్క డ్రైవరు నెక్కించిన ప్రోగ్రాములన్నిటికిని చాలునట్లు చేసినది. అయినను, 1996లో యూఎస్‌బీ ప్రమాణము వెలువడి, లావుపాటి ప్యారలల్ కేబులునకు బదులు సన్నని తీగ వచ్చిన తరువాత, చిక్కు భాషనుండి వరుసకు మాఱెను. ముందు సీడీలోని సాఫ్ట్‌వేరు నెక్కించి, అది అడిగినప్పుడే కేబులు తగిలింపవలెనని తయారీదారులు పలువురు హెచ్చరించిరి. కొందఱు ఆ హెచ్చరికను ప్రింటరు రంధ్రముపైననే యంటించిరి. తొందరపడి కేబులు ముందు తగిలించిన యింట, విండోస్ ఆ ప్రింటరును గుఱుతెఱుగని పరికరముగా నమోదు చేసికొని, పిదప సీడీ పెట్టినను ఆ తొలి యభిప్రాయమును విడువకుండుట కలదు. కేబులు ఊడదీసి, డివైస్ మేనేజరులోని తప్పు నమోదును తొలగించి, కంప్యూటరును మరల ప్రారంభించి, డ్రైవరును మొదటినుండి యెక్కించుటయే దానికి విరుగుడు. 64 బిట్ల విండోస్ వ్యాపించినప్పుడు మఱియొక విపత్తు సంభవించెను. అది 32 బిట్ల డ్రైవరును స్వీకరింపదు గావున, క్రొత్త డ్రైవరు వెలువడని పాత ప్రింటర్లు దేహము చెడకయే మూగవోయినవి.

2010లో ఎయిర్‌ప్రింట్ వచ్చినది మొదలు, కంప్యూటరును ప్రింటరును ఉమ్మడి భాషనే నేర్చి, ప్రత్యేక దుబాసీతో పనిలేకయే సంభాషించు పద్ధతి ప్రబలుచున్నది. అయినను పాత ప్రింటర్లు ఇండ్లలో పనిచేయుచున్నంత కాలము, కేబులు చేతబట్టుటకు ముందు పెట్టెలోని కాగితమును చదువుడని పాఠకులకు మనవి.