మిథునం (కథ, చలనచిత్రాలు)

మిథునం శ్రీరమణ రాసిన తెలుగు కథ. పిల్లలంతా రెక్కలొచ్చి వెళ్ళిపోయాక పల్లెలో సొంత ఇంటిని అంటిపెట్టుకుని ఉన్న ముసలి దంపతుల సరసాలు, కీచులాటలు, తిండి యావ ఇందులోని వస్తువు. ఈ కథ ఆధారంగా రెండు సినిమాలు వచ్చాయి. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ తీశారు. 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో ‘మిథునం’ తీశారు. తెలుగువారి కథ సొంత భాషలో కంటే పన్నెండేళ్ళ ముందే మలయాళంలో తెరకెక్కింది.

రచయిత

శ్రీరమణ (1952–2023) పుట్టింది వేమూరు మండలం వరహాపురం అగ్రహారంలో. తెనాలికి దగ్గరలోని ఈ ప్రాంతం అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాల విభజనతో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆయన మొదట పేరడీలతో పేరు తెచ్చుకున్నారు. చిత్రకారుడు బాపు, రచయిత ముళ్ళపూడి వెంకటరమణలతో సన్నిహితంగా మెలిగారు. బంగారు మురుగు, ధనలక్ష్మి, షోడానాయుడు ఆయన ఇతర ప్రసిద్ధ కథలు.

నేపథ్యం

తెలుగు హాస్యంలో ముసలివాడి పెళ్ళి, ప్రేమ చాలాకాలం ఎగతాళికే పనికొచ్చాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో పసిపిల్లను కొనుక్కుని పెళ్ళాడబోయిన లుబ్ధావధాన్లు ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. 1955లో అదే నాటకం సినిమాగా వచ్చినప్పుడు గోవిందరాజుల సుబ్బారావు ఆ పాత్ర వేశారు. మిథునంలో నవ్వు పుట్టేది వేరే చోట. ఇక్కడ వరుడూ లేడు, బేరమూ లేదు. దశాబ్దాలు కాపురం చేసిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఇంకా ఉడికించుకుంటూ ఉంటారు.

కథ

ఆ దంపతుల్లో భర్త అప్పదాసు భోజనప్రియుడు. పెరట్లో కాసిందల్లా కంచంలోకి రావాల్సిందే. భార్య బుచ్చిలక్ష్మి విసుక్కుంటూనే వండి వడ్డిస్తుంది, దెప్పుతూనే కనిపెట్టుకుని ఉంటుంది. ప్రేమ అన్న మాట ఎత్తకుండానే పచ్చళ్ళ మీదా పాదుల మీదా జరిగే వాదులాటల్లో వాళ్ళ అనురాగం తెలిసిపోతుంది. చివర్లో అప్పదాసు ముందు కన్నుమూస్తాడు. పసుపు కుంకుమలతో పోవాలని కోరుకోవడం ఆ తరం ఇల్లాళ్ళకు పరిపాటి. బుచ్చిలక్ష్మి కోరిక అందుకు తలకిందులు. తాను లేకపోతే ఆయనకు గడవదని, అందుకే ఆయనే ముందు వెళ్ళాలని ఆమె అనుకుంటూ వచ్చింది. అంతసేపూ నవ్వించిన కథకు బరువు వచ్చేది ఈ మాటతోనే.

ఈ కథ మీద ఇష్టంతో బాపు దీన్ని మొత్తం తన దస్తూరీతో తిరగరాశారు. ఆ ప్రతి వల్ల కథ మరింతమందికి చేరువైంది.

మలయాళ చిత్రం

జ్ఞానపీఠ పురస్కార గ్రహీత అయిన ఎం.టి. కథను కేరళ పల్లెకు మార్చారు. అప్పదాసు కృష్ణ కురుప్ అయ్యాడు, బుచ్చిలక్ష్మి అమ్మాళుకుట్టి అయింది. ఈ పాత్రల్ని ఒడువిల్ ఉన్నికృష్ణన్, నిర్మలా శ్రీనివాసన్ పోషించారు. కురుప్‌కు తన తోట, మట్టి మీద ఉన్న మమకారం సినిమాలో ప్రధానంగా నిలిచింది. పర్యావరణ పరిరక్షణ విభాగంలో ఈ చిత్రానికి జాతీయ పురస్కారం దక్కింది. ఎం.టి.కి కేరళ రాష్ట్ర ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది.

తెలుగు చిత్రం

రచయితగా, నటుడిగా స్థిరపడిన భరణికి పూర్తి నిడివి చిత్రానికి దర్శకత్వం వహించడం ఇదే మొదలు. మొయిద ఆనందరావు నిర్మాత. 2012 డిసెంబర్ 21న సినిమా విడుదలైంది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అప్పదాసుగా, లక్ష్మి బుచ్చిలక్ష్మిగా నటించారు. సినిమా మొత్తం తెర మీద కనిపించే పాత్రలు ఈ ఇద్దరే. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లల ప్రస్తావన వస్తుంది తప్ప వాళ్ళు కనిపించరు. స్వరవీణాపాణి సంగీతం సమకూర్చారు. జొన్నవిత్తుల రాసిన పాటల్లో కాఫీ మీది పాట ప్రత్యేకంగా జనంలోకి వెళ్ళింది. తృతీయ ఉత్తమ చిత్రంగా నంది అవార్డు దక్కింది.

ప్రాధాన్యం

రెండు సినిమాలూ మూలకథలోని పెరడును వదులుకోలేదు. మలయాళంలో అది ప్రకృతితో మనిషికుండే బంధమైంది. తెలుగులో అది వంటింటి దాకా వచ్చి భోజనమైంది. వృద్ధాప్యాన్ని జాలి కథగా కాకుండా సరదా కాపురంగా చూపి కూడా సినిమా నడిపించవచ్చని రెండూ నిరూపించాయి.