రోగి చేతికి అందవలసిన పుస్తకం

1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు పట్టిన పట్టు వొక్కటే: శాస్త్రం తెలుగులో వుండాలి. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం ఆ మండలి పుస్తకాల్లోనే వచ్చింది. శరీరాన్ని గురించి తెలుగులో చదువుకోవటానికి అదొక మంచి ఆరంభం. అయితే ఆ గ్రంథాలు జిజ్ఞాసువును వుద్దేశించి రాసినవి. జిజ్ఞాసువుకు తీరిక వుంటుంది. రోగికి అది వుండదు.

యీ తేడా నాకు స్పష్టంగా తెలిసివచ్చింది మా రావిర్యాలలో. 2008లో విమానాశ్రయం తెరిచాక శంషాబాదు చుట్టుపట్ల వూళ్ల రూపమే మారింది. మా వూరి పక్కనుంచి ఔటర్ రింగు రోడ్డు పోయింది, పట్నం దవాఖానాలు దగ్గరయినాయి. కనుక మా వదినెకు రొమ్ములో గడ్డ తేలినప్పుడు ముక్క తీయించి పరీక్ష చేయించటం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా ఆ కాగితం చేతికి వచ్చాక మొదలయింది. కాగితం ఇంగ్లీషులో వుంది. అందులో గ్రేడు 3 అని వుంది. మా అన్న దాన్ని మూడో స్టేజి అనుకున్నాడు. ఆ రాత్రి ఆ యింట్లో పొయ్యి వెలగలేదు.

గ్రేడు వేరు, స్టేజి వేరు. సూక్ష్మదర్శిని కింద ఆ కణాలు మామూలు కణాలకు యెంత భిన్నంగా వున్నాయో, యెంత జోరుగా చీలుతున్నాయో చెప్పేది గ్రేడు. గడ్డ యెంత పెద్దది, చంకలోని లింఫు గ్రంథులకు పాకిందా, మరే అవయవానికైనా పోయిందా అన్నది స్టేజి. గ్రేడు 3 అయిన గడ్డ మొదటి స్టేజిలోనే వుండవచ్చు. నాలుగు వాక్యాల సంగతి యిది. ఆ నాలుగు వాక్యాలు తెలుగు అచ్చులో ఆ యింట్లో లేకపోయినాయి.

నేను వెతికాను. కరపత్రాలు దొరికాయి. గడ్డ కనబడితే దాచుకోవద్దు, ఆలస్యం చేయవద్దు అంటాయి. మంచి మాటలే. కాని అవి రోగం యింకా తేలనివాళ్లతో మాట్లాడతాయి. తేలింది, యిప్పుడేమిటి అని అడిగే మనిషి యెదుట అవి మూగబోతాయి. ఆ మౌనంలోకి పథ్యంతోనే కేన్సరు మానుతుందనే పుస్తకాలవాళ్లు చొరబడతారు. వాళ్లకు మాటల కరువు లేదు!

రోగికి పనికివచ్చే పుస్తకం యెక్కడ పుట్టిందని చూస్తే, చాలావరకు రోగుల కలాల నుంచే. 1974లో రోజ్ కుష్నర్ అనే అమెరికన్ పాత్రికేయురాలికి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆనాటి ఆచారం యిది: మత్తిచ్చి ముక్క పరీక్షిస్తారు, కేన్సరని తేలితే అదే మత్తులో రొమ్ము తీసివేస్తారు. మేలుకొన్నాకగాని ఆ స్త్రీకి తన సంగతి తెలియదు. కుష్నర్ దీనికి వొప్పుకోలేదు. గ్రంథాలయాల్లో వైద్యపత్రికలు తిరగేసి, 1975లో పుస్తకమే రాసింది. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సమావేశపరచిన నిపుణుల సభలో ఆమె కూడా కూర్చున్నది. పరీక్ష వొకసారి, శస్త్రచికిత్స మరొకసారి జరగాలని ఆ సభ చెప్పింది. ఆ తరువాత బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో ప్రకటించిన ఫలితాలు, చిన్న గడ్డల విషయంలో గడ్డను మాత్రం తీసి రేడియేషన్ యిచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుర్దాయంలో తేడా లేదని చూపాయి. తొంభై యేళ్లుగా హాల్‌స్టెడ్ పద్ధతిని వేదంలా పఠించిన వైద్యలోకం దీన్ని వెంటనే జీర్ణించుకోలేదు.

మనకూ వారసత్వం లేకపోలేదు. బోస్టన్ స్త్రీలు 1970లో తమ శరీరాలను గురించి తామే రాసుకున్న పుస్తకం స్ఫూర్తి హైదరాబాదుకూ చేరింది. 1991లో యిక్కడి స్త్రీలు “సవాలక్ష సందేహాలు” వెలువరించారు. గుసగుసగా అడిగే ప్రశ్నలకు అచ్చులో చోటిచ్చిన ఆ పని సామాన్యమైనది కాదు. అంతకు ముందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1976లో బొనడొన్నా రొమ్ము కేన్సరు శస్త్రచికిత్స తరువాత యిచ్చి ఫలితం చూపిన మూడు మందుల్లో అదొకటి. మందు తయారీలో తెలుగువాడి చేయి వుంది గాని, మందు తీసుకునే తెలుగు స్త్రీకి అర్థమయ్యే పేజీ కరువయింది.

మా వదినె యేడో తరగతి చదివింది. కూతురు గ్రేడు, స్టేజి తేడా చదివి వినిపించిన తరువాత, నోటుబుక్కులో డాక్టరుకు ప్రశ్నలు రాయించింది. స్టేజి యెంత? ఈస్ట్రోజెన్ రిసెప్టరు వుందా? హెర్-2 పరీక్ష చేశారా? రొమ్మంతా తీయక తప్పదా? నాలుగో ప్రశ్న దగ్గర కూతురు కలం ఆపింది. “రాయి బిడ్డా,” అన్నది వదినె.