చల్లదనానికి చాకిరీ

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది. చుట్టూ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. గదుల్లో వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంటే, నీడపట్టు గాలి ఆ చోటుకు వస్తుంది. రాయలసీమది వేరే దారి. మందపాటి గోడలు, పైన మట్టి మిద్దె. పగటి వేడి ఆ మట్టిని దాటి కిందికి దిగేసరికి పొద్దు వాలుతుంది. వీటిని తలచుకుని మురిసిపోయేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. ఆ ఇళ్లు ఊరికే చల్లగా ఉండలేదు. వానలకు ముందు మిద్దె మీద చవుడు పోయాలి, పెంకులు సర్దించాలి, తాటాకిల్లయితే మళ్లీ నేయించాలి.

వట్టివేళ్ల తడికా అంతే. అక్బర్ కొలువు వివరాలు చెప్పే ‘అయిన్-ఇ-అక్బరీ’లోనే వట్టివేళ్ల ప్రస్తావన ఉంది. గుమ్మానికి కట్టిన తడికను తడిపితే, వడగాలి తన వేడిని ఆ నీటిని ఆవిరి చేయడానికి ధారపోసి చల్లబడి లోపలికి వస్తుంది. వేరు ఆరిందంటే చల్లదనం పోయినట్టే. మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు చల్లుతూ ఉండాలి. దొరల బంగళాల్లో పంఖా తాడు లాగినవాళ్లదీ అదే చాకిరీ. ఇంకొకరి చల్లదనానికి వాళ్లు చెమటోడ్చారు.

చల్లదనం ఓడ మీదా వచ్చింది. 1833లో టస్కనీ అనే ఓడ బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుగడ్డతో బయల్దేరింది. కలకత్తా చేరేసరికి మిగిలింది సుమారు 100 టన్నులు. ఏసీ కొనేటప్పుడు టన్నా, టన్నున్నరా అని అడుగుతామే, ఆ టన్ను లెక్క మంచుగడ్డ నుంచి వచ్చిందే. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో, ఆ వేగంతో గదిలోని వేడిని తోడేసే యంత్రం టన్ను ఏసీ. 1902లో విల్లిస్ క్యారియర్ దీనికి మూలమైన యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో తేమకు కాగితం సాగి రంగులు చెదురుతుంటే, ఆ తేమను అదుపు చేయడానికి.

కూలర్ అంటే మోటారు బిగించిన వట్టివేళ్ల తడికే. రోహిణి కార్తెలో పొడి ఎండ కాసే ఆదిలాబాద్, కరీంనగర్‌లలో కిటికీ తెరిచి పెట్టుకుంటే హాయిగా పనిచేస్తుంది. కాకినాడ, విశాఖల్లో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అక్కడ ఫ్యాన్, అదీ చాలకపోతే ఏసీ. ఏదైనా కొనే ముందు డాబా సంగతి చూడాలని నా గట్టి నమ్మకం. పైకప్పుకు తెల్ల సున్నం వేస్తే ఎండ చాలా మటుకు తిరిగి పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ ఇందుకే. 2015 వేసవిలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు రెండు వేల మంది చనిపోయారు. ఇంటి చల్లదనాన్ని విలాసమని కొట్టిపారేసే రోజులు పోయాయి.

కరెంటు పొదుపును చూపే స్టార్ గుర్తులు 2006లో వచ్చాయి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతున్నాయి. కానీ ఎన్ని స్టార్లున్నా చాకిరీ తప్పదు. ఏసీ మూత ఎత్తి జాలీ బయటికి తీసి చూడండి. బూడిదరంగు దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటుంది. కుళాయి కింద వెనకవైపు నుంచి నీళ్లు పడితే పొరలుగా ఊడివస్తుంది. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేయాలి. గోడ మీద నీళ్లు కారితే ముందు డ్రెయిన్ పైపు చూడాలి. గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అది మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం డబ్బు దండగ. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తే తరచుగా మార్చాల్సింది కెపాసిటర్ (వాడుకలో కండెన్సర్) ఒక్కటే. కూలర్ గడ్డి ఏటా మార్చాలి, తొట్టిలో నీళ్లు వారానికోసారైనా పారబోయాలి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి.

ఈ పనులన్నీ ఉగాదిలోపే ముగించండి. ఎండలు ముదిరాక మెకానిక్ దొరకడు.