సెల్‌ఫోనూ వాక్స్వాతంత్ర్యమూ

జింబాబ్వే సెల్‌ఫోన్ మార్కెట్‌కి పుట్టిల్లు కోర్టు. మామూలుగా ప్రభుత్వాలు లైసెన్సులు అమ్ముతాయి, కంపెనీలు పోటీపడి కొనుక్కుంటాయి, టవర్లు లేస్తాయి. అక్కడ మాత్రం ఒక ఇంజనీరు కోర్టుకెళ్లి, నన్ను నెట్‌వర్క్ పెట్టుకోనివ్వకపోవడమంటే జనం వాక్స్వాతంత్ర్యానికి అడ్డుపడటమే అని వాదించాడు. సుప్రీం కోర్టు నిజమేనంది. స్టార్టప్ సభల్లో ఈ కథని దావీదు-గొల్యాతు కథలా చెప్తుంటారు. అలా చెప్పేవాళ్లు 1998 దగ్గర ఆపేస్తారు. నాకేమో అసలు కథ 2019లో ఉందనిపిస్తుంది.

ఆ ఇంజనీరు పేరు స్ట్రైవ్ మసియీవా. 1961లో పుట్టాడు. అప్పుడా దేశం దక్షిణ రొడీషియా, తెల్లవాళ్ల ఏలుబడి. చిన్నతనంలోనే కుటుంబం జాంబియా వెళ్లిపోయింది, చదువు బ్రిటన్‌లో సాగింది. 1980లో జింబాబ్వేకి స్వాతంత్ర్యం వచ్చింది. 1984లో తిరిగొచ్చి పీటీసీలో, అంటే తపాలా, టెలిఫోన్లు రెండూ చూసే ప్రభుత్వ కార్పొరేషన్‌లో చేరాడు. కొన్నేళ్లకి మానేసి, రెట్రోఫిట్ అని ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసే కంపెనీ పెట్టాడు. 1993లో మళ్లీ పీటీసీ దగ్గరికే వెళ్లి, కలిసి సెల్ నెట్‌వర్క్ పెడదాం అన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. పోనీ నేనే పెట్టుకుంటానంటే అదీ కుదరదన్నారు. చట్టం ప్రకారం దేశంలో టెలిఫోన్ నడిపే అధికారం పీటీసీ ఒక్కదానిదే.

మరి పీటీసీ ఫోన్లు ఇచ్చేదా? దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటమే. అదెలా ఉండేదో తెలియాలంటే, ఎనభైల్లో ఫోన్ కనెక్షన్ ఎలా వచ్చిందో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. వాళ్ల దగ్గర కనీసం ఒక్క కథైనా ఉంటుంది.

కేసులో కిటుకంతా ఈ వెయిటింగ్ లిస్టులోనే ఉంది. చట్టం పీటీసీ పక్షాన ఉంది కాబట్టి, ఆ చట్టమే రాజ్యాంగానికి విరుద్ధమని మసియీవా లాయర్లు వాదించారు. రాజ్యాంగం 20వ సెక్షన్ భావప్రకటనా స్వేచ్ఛ గురించి. అందులో సమాచారాన్ని ఇచ్చే హక్కే కాదు, అందుకునే హక్కు కూడా ఉంది. సర్కారు తను ఫోన్ ఇవ్వలేదు, ఇస్తానన్నవాణ్ని ఇవ్వనివ్వదు. అలాంటప్పుడు జనం నోటికీ చెవికీ అడ్డంగా ఉన్నది ఎవరు? 1995 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి ఆంథొనీ గబ్బే ధర్మాసనం ఈ వాదన ఒప్పుకుని, ఆ గుత్తాధిపత్యం చెల్లదంది. (ఈ గబ్బే గారిని 2001లో ప్రభుత్వం గడువుకి ముందే ఇంటికి పంపింది. తెల్లరైతుల భూముల వ్యవహారంలో కోర్టు సర్కారుకి అడ్డొచ్చింది, మాజీ విముక్తి పోరాట సైనికులమంటూ కొందరు సుప్రీం కోర్టులోకే చొరబడ్డారు. అదంతా మరో పెద్ద కథ.)

ఇక్కడొక్క నిమిషం ఆగాలి. అదే 1995 ఫిబ్రవరిలో మన సుప్రీం కోర్టు కూడా ఇలాంటి ప్రశ్ననే ఎదుర్కొంది. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు. మ్యాచ్‌ల ప్రసారం దూరదర్శన్ గుప్పిట్లోనే ఉండాలా అన్నది తగువు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారు గుత్తాధిపత్యం కూడదు అంది కోర్టు. మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అందులో విడిగా తీర్పు రాశారు. వాక్స్వాతంత్ర్యం ఉన్నంత మాత్రాన సొంత ప్రసార కేంద్రం పెట్టుకునే హక్కు వచ్చేయదన్నారు. సర్కారు చేతిలోంచి తీసి డబ్బున్న కొద్దిమంది చేతిలో పెడితే మామూలు పౌరుడికి ఒరిగేదేమిటన్నది ఆయన భయం. టీవీ వేరు, ఫోన్ వేరు, నిజమే. ఫోన్లో కంపెనీ మాట్లాడదు, మనమే మాట్లాడుకుంటాం. అయినా హరారే కథ చదువుతుంటే నాకు జీవన్ రెడ్డి గారి భయమే గుర్తొస్తూ ఉంటుంది.

తీర్పు వచ్చిందిగానీ ఫోన్ రాలేదు. 1996 మొదట్లో అధ్యక్షుడు ముగాబే తన ప్రత్యేకాధికారాలతో ఒక ఉత్తర్వు తెచ్చి, లైసెన్సు లేకుండా సెల్ నెట్‌వర్క్ నడపకూడదన్నాడు. హక్కు ఉంది, కానీ దానికి లైసెన్సు కావాలి అన్నమాట. ఆ ఏడాదే పీటీసీ నెట్‌వన్ పేరుతో తన సెల్ సర్వీసు మొదలుపెట్టేసింది. 1997లో ప్రైవేటు లైసెన్సు టెండరు టెలిసెల్ కూటమికి దక్కింది. అందులో స్థానిక వాటాదారుల్లో ముగాబే మేనల్లుడు లియో ముగాబే ఒకడు. మసియీవా మళ్లీ కోర్టుకెక్కాడు. ఈసారి ఉపాధ్యక్షుడు జాషువా న్కోమో అతని వైపు నిలబడ్డాడు. స్వాతంత్ర్య పోరాటంలో ముగాబేతో సమానమైన పెద్దమనిషి ఆయన. 1983లో ముగాబే సైన్యానికి భయపడి దేశం వదిలి పారిపోవాల్సి వచ్చినవాడు కూడా. చివరికి లైసెన్సు వచ్చింది. 1998 జూలైలో ఎకోనెట్ మొదలైంది.

ఆ తర్వాత పెరుగుదల సంగతి మామూలే, త్వరగా చెప్పేస్తాను. ఎకోనెట్ అన్నిటికంటే పెద్దదైంది. మసియీవా 2000లో దేశం వదిలి దక్షిణాఫ్రికా వెళ్లాడు. 2016లో టెలిసెల్‌లో పెద్ద వాటాని కూడా ప్రభుత్వమే కొనేసింది. అంటే మూడు నెట్‌వర్కుల్లో రెండు సర్కారువి, జనంలో ఎక్కువమంది మూడోదాని దగ్గర.

చిల్లర సంగతి మాత్రం చెప్పాల్సిందే. ద్రవ్యోల్బణంలో సొంత కరెన్సీ కాగితమైపోయి, 2009 నుంచి అక్కడ అమెరికా డాలర్లు వాడటం మొదలుపెట్టారు. నోట్లు దొరికేవి, సెంట్ల నాణేలు దొరికేవి కావు. మన కిరాణా కొట్టువాడు చాక్లెట్ చేతిలో పెట్టినట్టు, అక్కడ మిఠాయిలో, పెన్నో, ఫోన్ రీచార్జో ఇచ్చేవాళ్లు. 2011లో ఎకోనెట్ తెచ్చిన ఎకోక్యాష్ ఈ బాధని చాలావరకు తీర్చింది. మాట కోసం పెట్టిన నెట్‌వర్క్ డబ్బుకి కూడా దారైంది. ఆ దారి ఎంత ముఖ్యమైందంటే, 2020 జూన్‌లో కరెన్సీ పతనానికి ఈ మొబైల్ చెల్లింపులే కారణమంటూ ప్రభుత్వం వాటన్నిటినీ ఆపమంది.

ఇప్పుడు 2019. జనవరి 12న అధ్యక్షుడు మ్నంగాగ్వా పెట్రోలు ధరని ఒక్కసారిగా రెట్టింపుకు మించి పెంచాడు. 14న జనం రోడ్డెక్కారు. సైన్యం దిగింది, కాల్పులు జరిగాయి, పదిమందికి పైగా చనిపోయారు. 15న ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆపమని ఆదేశం ప్రభుత్వానిది, ఆపింది కంపెనీలు, వాటిలో ఎకోనెట్ కూడా. ఎకోనెట్ తన కస్టమర్లకి ఎస్సెమ్మెస్ పంపింది: ఆదేశం అందింది, పాటించక తప్పదని మా లాయర్లు చెప్పారు అని. పాటించకపోతే అక్కడి మేనేజర్లు జైలుకెళ్లాల్సి వస్తుందని మసియీవా బయటనుంచి వివరించాడు.

నేను ఎకోనెట్‌ని తప్పుపట్టలేను. ఉద్యోగుల్ని జైలుకి పంపి హీరో అవమని దూరాన కూర్చుని ఎవరైనా చెప్తారు. కానీ జనం మాట ఆగకూడదన్న వాదన మీద పుట్టిన కంపెనీయే జనం మాట ఆపే స్విచ్ నొక్కాల్సి వచ్చిందన్నది మింగుడుపడదు. 1995లో గెలిచిన హక్కు జనానిదే. దాని తాళం చెవి మాత్రం 1996 ఉత్తర్వు నాటి నుంచీ లైసెన్సు ఇచ్చేవాడి దగ్గరే ఉంది.

ఈసారి కోర్టుకెళ్లింది కంపెనీ కాదు. మానవహక్కుల లాయర్ల సంఘం, మీసా అనే పత్రికాస్వేచ్ఛ సంస్థ వెళ్లాయి. జనవరి 21న హైకోర్టు ఇంటర్నెట్ ఆపడం చట్టవిరుద్ధమంది, సర్వీసులు తిరిగొచ్చాయి. అయితే కోర్టు పట్టుకున్న కారణం భావప్రకటనా స్వేచ్ఛ కాదు. 2007 నాటి నిఘా చట్టం కింద ఆదేశం ఇచ్చింది భద్రతా శాఖ మంత్రి. ఆ చట్టాన్ని అమలుచేసే అధికారం అధ్యక్షుడిది, మంత్రిది కాదు. అందుకని కొట్టేశారు. కింద సంతకం అధ్యక్షుడిదే అయ్యుంటే ఏమయ్యేదో ఆ రోజు కోర్టు తేల్చలేదు.